పికప్ ముందు భాగం ఎత్తు పెంచే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

పికప్ ఖాళీగా ఉన్నప్పుడు కాస్త ముందుకు వంగి కనిపించడం లోపం కాదు. వెనుక సరుకు పడితే బండి సమంగా నిలవాలనే తయారీదారు ఆ తేడా ఉంచుతాడు. అందుకే విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి ఐసు, చేపలు మోసే బండికి ముందు భాగం ఎత్తు పెంచే ఈ మార్పు వద్దంటాను.

చేయించదలచినవారు ముందుగా చదునైన నేలపై బండిని నిలిపి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు నాలుగు చోట్లా కొలిచి రాసుకోవాలి. గుంతల దగ్గర ముందు భాగం నేలకు తగలదన్న లాభం నిజమే గాని, ఎత్తు పెంచడానికి ముందు స్ప్రింగు దగ్గర అమర్చే స్పేసరు (దిమ్మ) మందం పెరిగేకొద్దీ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ముందు యాక్సిల్ షాఫ్టుల కోణం పెరిగి, బాల్ జాయింట్లు (చక్రం అటూఇటూ కదలనిచ్చే గుండ్రటి కీళ్లు), షాఫ్టు కీళ్లను కప్పే రబ్బరు బూట్లు త్వరగా పాడవుతాయి.

సముద్రపు గాలికి తుప్పుపట్టిన బోల్టులకు ముందురోజే తుప్పు వదిలించే నూనె పట్టించాలి. మా బండికి ఆ పని మరచిపోతే ఒక బోల్టు తల ఊడి స్పానరులోనే ఉండిపోయింది. స్పేసరు అమర్చేటప్పుడు నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే ప్రాణాపాయం కాబట్టి, దాన్ని నొక్కిపట్టే సరైన పరికరం (స్ప్రింగ్ కంప్రెసర్) లేని షెడ్డుకు బండి ఇవ్వకూడదు.

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను వాహన మార్పులపై ఆంక్షలు పెడుతుంది గనుక రవాణా కార్యాలయంలో, వారంటీ గురించి షోరూములో ముందే అడగాలి. పని ముగిసిన రోజే వీల్ అలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్లను కిందికి సరిచేయించాలి; లేకుంటే అనంతగిరి ఘాట్ మలుపుల్లో ఆ వెలుగు ఎదుటి డ్రైవరు కళ్లలో పడుతుంది.