ఇరవై ఎనిమిదో తేదీ దాకా లాగితే చాలు

పెళ్లయిన రెండేళ్లకు మా అత్తయ్య ఫోన్‌లో "ఏమ్మా, ఏమైనా విశేషమా?" అని అడగడం మానేసి నిట్టూర్చడం మొదలుపెట్టారు. మేమేమో "ఇల్లు కొన్నాక" అనుకుంటున్నాం. ఆ కొనబోయే ఇల్లు ఏటేటా మియాపూర్‌కి ఇంకాస్త దూరం జరుగుతోంది. చివరికి ఇల్లు పక్కనపెట్టి, బిడ్డను కనాలంటే డబ్బులెలా సర్దుకోవాలన్న లెక్క వేసుకున్నాం.

ముందు మూడు నెలలు ఒక్కరి జీతంతో గడిపి చూడండి. రెండో జీతం పడిన రోజే వేరే ఖాతాకు పంపేసి, దాని కార్డు బీరువాలో పెట్టేయాలి. మాకు మొదటి నెల 19వ తేదీకే డబ్బులైపోయాయి. రాసుకున్న పుస్తకం తిరగేస్తే తేలింది: ఫోన్‌లో తెప్పించుకున్న బిర్యానీలు, ఆడపడుచు గృహప్రవేశానికి పెట్టిన పట్టుచీర. బిర్యానీలు తగ్గించాం. చీరలు తగ్గేవి కావు, అందుకే 'పెట్టుపోతలు' అని నెలకు 2,000 విడిగా రాశాం. మూడో నెల 28 దాకా లాగాం. 31 దాకా రావాల్సిందే అని కూర్చుంటే ఇప్పటికీ ఇద్దరమే ఉండేవాళ్లం. దాచిన మూడు జీతాలు కాన్పుకు పనికొచ్చాయి.

ఇన్సూరెన్స్ సంగతి అన్నిటికన్నా ముందు చూడాలి. మేం దెబ్బతిన్నది ఇక్కడే. సొంతంగా తీసుకున్న పాలసీలో కాన్పు ఖర్చు వస్తుందన్నాడు ఏజెంటు. రెండేళ్లు ఆగాలన్న ముక్క ఆయన చెప్పలేదు, మేమూ ఆ పేజీ దాకా చదవలేదు. ఈ ఆగాల్సిన గడువు (వెయిటింగ్ పీరియడ్) ఏ తేదీతో అయిపోతుందో క్యాలెండర్‌లో రాసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేయండి. ఆఫీసు గ్రూపు పాలసీలో చాలాచోట్ల ఆగక్కర్లేదు గానీ కాన్పుకు ఇంతే ఇస్తామని పరిమితి ఉంటుంది. నాకు 50,000. ఆపరేషన్ బిల్లు దాన్ని దాటేసింది.

మనకు ఇంకో మెలిక, తొలి కాన్పు పుట్టింట్లో. నాది తెనాలి. అమ్మ అనుకున్న ఆసుపత్రి ఇన్సూరెన్స్ కంపెనీ నెట్‌వర్క్‌లో లేదు, అంటే కంపెనీ అక్కడ బిల్లు నేరుగా కట్టదు. అలాంటప్పుడు ముందు మనమే కట్టి, డిశ్చార్జి సమ్మరీ, అసలు బిల్లులు పంపి తర్వాత రాబట్టుకోవాలి. నాన్న మాత్రం "ఖర్చు నాది" అని పంతం. ఆయన పింఛనెంతో నాకు తెలుసు. చీటీ పాడి ఆ డబ్బు అమ్మ చేతిలో పెట్టాను, నాన్నకు చెప్పొద్దని. పోటీ ఉన్న నెల కావడంతో 14,000 వదులుకోవాల్సి వచ్చింది. చీటీ కడుతుంటే ఏ నెల పాడాలో ముందే చూసుకోండి.

ప్రసూతి సెలవు పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు. అందులో కాన్పుకు ముందు 8 వారాలకు మించి వాడుకోకూడదు. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో ఆ సంస్థలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ఉద్యోగం మారే ఆలోచనుంటే ఇది చూసుకుని మారండి. ప్రైవేటులో నాన్నలకు చట్టం ఇచ్చే సెలవేమీ లేదు. మా ఆయన సొంత సెలవులు ఆరు రోజులు దాచుకున్నారు.

అసలు ఖర్చు బిడ్డ పుట్టిన ఏడో నెలలో, మీరు మళ్లీ ఆఫీసుకెళ్లేటప్పుడు మొదలవుతుంది. పిల్లనెవరు చూస్తారో ముందే నోరు తెరిచి అడగండి. నేను అడిగితే అత్తయ్య వెంటనే, "వస్తానమ్మా, కానీ లిఫ్టు లేని మూడో అంతస్తు నా మోకాళ్ల వల్ల కాదు" అన్నారు. కింది వాటా అద్దె 3,500 ఎక్కువ. అదే పుస్తకంలో, పెట్టుపోతల కింద రాశాం.