ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయాల్లో జనరల్ ఎడ్యుకేషన్ మార్పులపై చర్చ ఎలా జరపాలి?

ఫిలిప్పీన్స్‌లో ఇంజనీరింగ్ చదివేవారైనా, నర్సింగ్ చదివేవారైనా నీతిశాస్త్రం, దేశ చరిత్ర, కళాస్వాదన వంటి కొన్ని పాఠ్యాంశాలను తప్పనిసరిగా పూర్తిచేయాలి. వీటినే అక్కడ జనరల్ ఎడ్యుకేషన్ అంటారు. వీటిని తగ్గించాలన్న మాట వచ్చినప్పుడల్లా వాదం వేడెక్కుతుంది. ఆ చర్చలో పాల్గొనే అధ్యాపకులకు, విద్యార్థి ప్రతినిధులకు, వైద్య విద్య కోసం తెలుగు రాష్ట్రాల నుంచి ఆ దేశానికి వెళ్లి ముందుగా బీఎస్ డిగ్రీ చదివే విద్యార్థులకు ఉపయోగపడుతుందని ఈ క్రమాన్ని వివరిస్తున్నాను.

1. ఏది ఎవరి చేతిలో ఉందో ముందుగా తేల్చుకోండి

ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు, రచయిత హోసే రిజాల్ జీవితం, రచనలపై పాఠ్యాంశం 1956 నాటి 1425వ చట్టం ప్రకారం తప్పనిసరి. దానిని తొలగించాలంటే చట్టసభ చట్టాన్ని మార్చాలి తప్ప, ఏ విశ్వవిద్యాలయమూ తనంతట తాను తొలగించలేదు. మిగిలిన వాటికి కనీస ప్రమాణాన్ని ఉన్నత విద్యా కమిషన్ నిర్ణయిస్తుంది. ఆ కనీసానికి పైన ఏమి చేర్చాలన్నది విశ్వవిద్యాలయం ఇష్టం. ఈ మూడు అంచెలను సమావేశం మొదట్లోనే బోర్డు మీద రాసి ఉంచితే, తమ చేతిలో లేని విషయంపై గంటల తరబడి వాదించుకునే అవస్థ తప్పుతుంది.

2. ‘బడిలోనే చదివారు కదా’ అన్న వాదనను పరీక్షించండి

కమిషన్ 1996, 1997లలో ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం మానవీయ, సామాజిక శాస్త్రాల విద్యార్థులకు జనరల్ ఎడ్యుకేషన్‌లో 63 యూనిట్లు (తరగతి గంటలను బట్టి లెక్కించే క్రెడిట్లు), ఇతరులకు 51 యూనిట్లు ఉండేవి. 2013 నాటి 20వ ఉత్తర్వు వాటిని అందరికీ 36కు తగ్గించింది: ఎనిమిది మూల పాఠ్యాంశాలకు 24, ఐచ్ఛికాలకు 9, రిజాల్‌కు 3. అదే ఏడాది వచ్చిన 10533వ చట్టం పాఠశాల విద్యకు రెండేళ్లు జోడించినందున, కళాశాలలో చెప్పేవాటిలో కొన్ని 11, 12 తరగతులకు వెళ్లాయన్నది దీనికి చూపిన ప్రధాన కారణం.

ఈ కారణాన్ని వినగానే ఒప్పుకోవద్దు, వినగానే తోసిపుచ్చవద్దు. రెండు స్థాయుల పాఠ్యప్రణాళికలను పక్కపక్కన పెట్టి, ఒకే అంశం నిజంగా రెండుసార్లు వస్తున్నదా, లేక పేరు మాత్రమే కలుస్తున్నదా అని వరుసగా చూడండి. మనిషి స్వభావాన్ని గురించిన తాత్విక పరిచయం 12వ తరగతిలో చదివినంత మాత్రాన, వృత్తిలో ఎదురయ్యే ధర్మసందేహాలను తర్కించే నీతిశాస్త్రం అనవసరమైపోదు. పైగా 2025–26లో 11వ తరగతి మూల పాఠ్యాంశాలను ఐదుకు కుదించి, కొన్ని పాఠశాలల్లో ప్రయోగాత్మకంగా అమలు మొదలుపెట్టారు. కాబట్టి పాత పోలిక ఇప్పుడు పనికిరాదు, కొత్తగా చూసుకోవాలి.

3. భాష ప్రశ్నను విడిగా చర్చించండి

అన్నింటికన్నా గాయపడిన చోటు ఇదే. 2013 ఉత్తర్వు మూల పాఠ్యాంశాల్లో జాతీయ భాష అయిన ఫిలిపినోకు, సాహిత్యానికి ప్రత్యేక స్థానం లేకపోయింది. దానిని వ్యతిరేకిస్తూ 2014లో తంగోల్ వికా అనే భాషా పరిరక్షణ కూటమి ఏర్పడింది. 2015 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ భాగం అమలును తాత్కాలికంగా నిలిపివేసింది; 2018 అక్టోబరులో మాత్రం ఉత్తర్వు చెల్లుతుందని తీర్పు చెప్పింది.

ఈ తీర్పును చాలామంది చర్చకు ముగింపుగా చూపుతారు. అది సరికాదని నా దృఢాభిప్రాయం. ఉత్తర్వు కనీస ప్రమాణాన్ని మాత్రమే నిర్దేశిస్తుందని, ఫిలిపినోను అదనంగా తప్పనిసరి చేసే స్వేచ్ఛ విశ్వవిద్యాలయాలకు ఉందని అదే తీర్పు చెబుతోంది. అంటే బాధ్యత తిరిగి అధ్యాపకుల సభ మీదికే వచ్చింది. సభలో అడగవలసిన ప్రశ్నలు రెండు: మన విద్యార్థులు తమ శాస్త్రాన్ని ఫిలిపినోలో ఆలోచించి, రాయగలుగుతున్నారా? లేకపోతే ఆ పనిని ఏ పాఠ్యాంశం చేయించబోతున్నది? మాతృభాష పదో తరగతితో చాలునన్న మాటను ఎన్నోసార్లు విన్న తెలుగువారికి ఈ ప్రశ్నల బరువు చెప్పనక్కరలేదు.

4. ఉద్యోగాల సంగతిని దాచవద్దు

యూనిట్లు తగ్గితే తరగతులు తగ్గుతాయి. ముందుగా దెబ్బతినేది తాత్కాలిక అధ్యాపకులే. 2016, 2017 సంవత్సరాల్లో పిల్లలు 11, 12 తరగతుల్లో ఉండిపోవడం వల్ల కళాశాలల మొదటి ఏడాది చేరికలు బాగా పడిపోయి, ఈ భయం అనుభవంలోకి వచ్చింది. అందువల్ల ఎవరి పనిగంటలు ఎంత తగ్గుతాయో, వారికి ఏ పాఠ్యాంశాలు ఇస్తారో తెలిపే పట్టికను ప్రతిపాదనకు జతచేయమని పట్టుబట్టండి. జీవనోపాధిని గురించి మాట్లాడటం స్వార్థమేమీ కాదు.

5. ఓటుకు ముందు ప్రతిపాదనను లిఖితపూర్వకంగా ఖరారు చేయండి

ఏది పోతుంది, దాని స్థానంలో ఏది వస్తుంది, ఏ సంవత్సరం చేరినవారి నుంచి అమలవుతుంది అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. ఇప్పటికే చదువుతున్నవారు పాత పద్ధతిలోనే పట్టా పొందవచ్చన్న వాక్యం లేకపోతే, దానిని చేర్చేవరకు ఓటును వాయిదా వేయమని కోరండి.