మీ గేమింగ్ పీసీకి మీరే మెకానిక్ – 3వ పాఠం: గాలికి దారి

పోయిన పాఠంలో హెచ్‌డబ్ల్యూఇన్ఫో (పీసీ లోపలి భాగాల వేడి చూపించే సాఫ్ట్‌వేర్) వేసుకుని, ఒక గంట గేమ్ ఆడి, ప్రాసెసర్‌వీ గ్రాఫిక్స్ కార్డువీ అంకెలు రాసుకోమన్నాను. ఆ కాగితం తీయండి. దాని మీద ఇంకో అంకె ఉండాలి: ఆ గంటలో గది ఎంత వేడిగా ఉంది? అది లేకపోతే మిగతా అంకెలతో పని జరగదు. డిసెంబరులో గది 24 డిగ్రీలున్నప్పుడు కార్డు 68 చూపించింది అనుకోండి. మే నెలలో బెజవాడలో, ఏసీ లేని గది 38 ఉన్నప్పుడు, ఫ్యాన్లు అదే వేగంతో తిరిగితే అదే కార్డు 82 దగ్గరికి వస్తుంది. కార్డుకేం రోగం రాలేదు. అప్పుడైనా ఇప్పుడైనా గదికీ కార్డుకీ తేడా 44 డిగ్రీలే. మనం పని చేసేది ఆ 44 మీద. ఎన్ని ఫ్యాన్లు బిగించినా వాటి గాలితో క్యాబినెట్ (పీసీ డబ్బా) లోపల గది కంటే చల్లగా అవదు.

ఇప్పుడు చిన్న లెక్క. ఫ్యాను అట్ట మీద సీఎఫ్‌ఎం అని ఉంటుంది చూడండి, నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి తోస్తుందో చెప్పే అంకె. 100 సీఎఫ్‌ఎం గాలి ఒక్క డిగ్రీ వేడెక్కి బయటికి పోతే సుమారు 57 వాట్ల వేడిని వెంట తీసుకుపోతుంది. మీ పీసీ గేమ్‌లో 500 వాట్లు తింటుంటే, 100 సీఎఫ్‌ఎం పారితే బయటికొచ్చే గాలి గది కంటే 9 డిగ్రీలు ఎక్కువుంటుంది. 50 మాత్రమే పారితే 18. సరే, 200 పారిస్తే? నాలుగున్నర. చూశారా, 50 నుంచి 100కి వెళ్తే 9 డిగ్రీలు కలిసొచ్చాయి, అక్కడి నుంచి ఇంకో 100 కలిపితే దక్కింది అందులో సగమే. అందుకే రెండు మూడు ఫ్యాన్లు సరిగ్గా పెట్టుకున్నవాడికి ఏడో ఫ్యానుతో మిగిలేది చప్పుడే. పైగా అట్ట మీది అంకె, ఫ్యాను ముందు ఏ అడ్డూ లేనప్పటిది. ఫిల్టరూ జాలీ అడ్డొస్తే అంత రాదు.

పాతకాలం పెంకుటిళ్లు గుర్తు తెచ్చుకోండి. వీధి గుమ్మానికి ఎదురుగా పెరటి గుమ్మం. రెండూ తీస్తే నడవాలో పడుకున్నవాడికి విసనకర్ర అక్కర్లేదు. వీధి తలుపు మూసేసి పెరటి తలుపు ఎంత బార్లా తీసినా గాలి రాదు. క్యాబినెట్‌కీ అంతే. ముందు నుంచి చల్లగాలి లోపలికి, వెనక నుంచీ పై నుంచీ వేడిగాలి బయటికి. ముందంతా నిండు గాజు పలక, దాని వెనక మూడు రంగుల ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్లు షాపులో మెరిసిపోతుంటాయి. పక్క సందుల్లోంచి దూరినంత గాలే వాటికి దిక్కు. నన్నడిగితే ముందు జాలీ ఉన్న సాదా డబ్బానే కొనమంటాను.

మీ డబ్బా ఊపిరి తీసుకుంటోందో లేదో తేల్చడానికి పైసా ఖర్చు లేదు. మామూలుగా అరగంట గేమ్ ఆడి అంకె రాసుకోండి. తర్వాత పక్క పలక తీసేసి, అదే గేమ్ అదే చోట ఇంకో అరగంట. ఐదారు డిగ్రీలో అంతకంటే ఎక్కువో పడిపోయిందా? తప్పు క్యాబినెట్ గాలిది, ఈ పాఠం మీకోసమే. ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే తగ్గిందా? కొత్త ఫ్యాన్లకు డబ్బులు తగలెయ్యకండి. హీట్‌సింక్‌లో (చిప్ వేడిని లాగే లోహపు రేకుల దిమ్మ) దుమ్మో, చిప్‌కీ దానికీ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిపోయిందో చూడాలి. పలక ఎప్పటికీ తీసే ఉంచుదామా అంటే వద్దు. దుమ్మూ బల్లులూ ఊరుకోవు.

తర్వాత ఫ్యాన్ల దిశ. రెక్కలు నిండుగా కనిపించే ముఖం గాలిని పీలుస్తుంది. మోటారును పట్టుకున్న ప్లాస్టిక్ కాళ్లు కనిపించే వైపు నుంచి గాలి బయటికొస్తుంది. నమ్మకం కుదరకపోతే అగరొత్తి వెలిగించి, బయటే ఉంచి, పొగ ఎటు పోతుందో చూడండి. నుసి మాత్రం లోపల పడనివ్వకండి. నా మొదటి పీసీని బిగించి ఇచ్చిన షాపువాళ్లు వెనక ఫ్యాను తిరగేసి పెట్టారు. కార్డు వదిలిన వేడినే అది మళ్లీ లోపలికి లాగుతోంది. ఏడాది పాటు నేను వేసవిని తిట్టుకున్నాను. నాలుగు స్క్రూలు తీసి తిప్పితే సరిపోయింది.

మొదట్లో డబ్బా ముందు వైపు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి చాలు. 140 మిల్లీమీటర్లవి పడితే 120 కంటే అవే మేలు, అదే గాలిని నెమ్మదిగా తిరిగి ఇస్తాయి, మోత తగ్గుతుంది. పైన ఒకటి పెట్టాలనిపిస్తే వెనక మూలకు పెట్టండి. ముందు మూలకు పెడితే, ముందు నుంచి వచ్చిన చల్లగాలి ప్రాసెసర్ కూలర్ దాకా చేరకుండానే పైకి పోతుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే. లోపలికి వచ్చేది బయటికి పోయేదానికంటే కాస్త ఎక్కువుంటే మంచిది. తక్కువైతే ఫిల్టర్ లేని ప్రతి సందులోంచీ డబ్బా దుమ్ము పీల్చుకుంటుంది.

డబ్బాను టేబుల్ అరలో దూర్చి, వెనక గోడకు ఆనించేశారా? ముందు దాన్ని బయటికి లాగండి. అడుగున పవర్ సప్లై గాలి పీల్చే జాలీ ఉంటే కార్పెట్ మీద పెట్టకండి. నీళ్లు పోసే ఎయిర్ కూలర్‌ను డబ్బా ముఖాన పెట్టడం కూడా వద్దు. తుంపర పడితే ప్రమాదం, నీళ్లలోని ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేముందు స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి. లేకపోతే అది గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది.

ఈ వారం పని: ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిసారీ గది వేడితో సహా అంకె రాయండి. పనిలో పనిగా మీ ఫ్యాన్ల వైరు చివర 3 రంధ్రాలున్నాయో 4 ఉన్నాయో చూసి అదే కాగితం మీద రాసుకోండి. వచ్చే పాఠంలో బయోస్‌లోకి (పీసీ ఆన్ కాగానే వెళ్లగలిగే మదర్‌బోర్డు సెట్టింగులు) వెళ్లి వాటి వేగం సర్దేటప్పుడు మొదట అడిగేది అదే.