నర్సరీకి వెళ్తే పురుగు కొరికిన ఆకు కోసం వెతకండి

బెంగళూరులో వినాయక చవితి సందడి తగ్గి దసరా పనులు మొదలయ్యే మధ్యలో, అంటే దాదాపు సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ మధ్య దాకా, ఊరి బయట తోటల్లో సీతాకోకచిలుకల్ని చూడటానికి, అవి ఇంటికీ వచ్చేలా మొక్కలు కొనుక్కోవడానికి చాలా మంచి రోజులు. వానలు ఇంకా పోలేదు, మధ్యాహ్నం దాటాక ఎప్పుడైనా దంచి కొడుతుంది, అందుకే తొమ్మిది గంటలకల్లా తోటలో ఉండండి. సీతాకోకచిలుకలకి ఒళ్ళు వేడెక్కితే తప్ప ఎగరడం రాదు, కాబట్టి తెల్లవారుజామునే లేచి పరిగెత్తడం వల్ల వాటి విషయంలో లాభం లేదు. పిట్టలు కూడా కావాలంటే మాత్రం ఏడింటికి.

మొదటిసారి అయితే బన్నేర్‌ఘట్ట సీతాకోకచిలుకల పార్కుతో మొదలుపెట్టండి. మెజెస్టిక్ నుంచి 365 బస్సు వెళ్తుంది, మంగళవారం సెలవు. అక్కడ కన్ను అలవాటు పడ్డాక కనకపుర రోడ్డు, దొడ్డబళ్ళాపుర వైపుల్లో తోట, నర్సరీ కలిపి నడిపే చోట్లకి వెళ్ళండి. కనకపుర రోడ్డుకైతే గ్రీన్ లైన్ మెట్రో సిల్క్ ఇన్‌స్టిట్యూట్ దాకా ఉంది, అక్కడ దిగి బస్సో ఆటోనో పట్టుకోవచ్చు. చిన్న తోటలు కొన్ని శని ఆదివారాలే తెరుస్తాయి, ముందే ఫోన్ చేసుకోండి. బూట్లు వేసుకోండి, వాన తర్వాత గడ్డిలో జెర్రిపోతులు తిరుగుతాయి. అవి విషప్పాములు కావు గానీ, కాలు పెట్టేముందు చూసుకోవడం ఇద్దరికీ మంచిది.

వెళ్ళగానే కౌంటర్ దగ్గర ఆగిపోకండి. చాలామంది పూలు చూసి, రెండు కుండీలు కొని, ఫొటో దిగి వచ్చేస్తారు. ముందు తోట అంతా ఒక చుట్టు తిరగండి, అదీ మెల్లగా, ఒక్కో చోట ఐదు నిమిషాలు కదలకుండా నిలబడుతూ. పొదల కింద రాలిన ఆకులు ఊడ్చకుండా వదిలేశారా, ఎండిన కొమ్మలో తుమ్మెద తొలిచిన గుండ్రటి కన్నం ఉందా, పక్షులకి ఎక్కడైనా నీళ్ళు పెట్టారా చూడండి. గడ్డి చేమంతిని కలుపు అని పీకేయకుండా ఉంచారంటే ఆ తోట మనిషికి విషయం తెలుసన్నమాట, చిన్న చిన్న సీతాకోకచిలుకలు దాని మీదే కదా వాలేది.

ఈ రోజుల్లో ప్రత్యేకంగా వెతకాల్సింది ఒకటుంది. అక్టోబర్, నవంబర్ నెలల్లో నల్ల రెక్కల మీద లేత నీలం చారలున్న సీతాకోకచిలుకలు గుంపులుగా పడమటి కనుమల వైపు వెళ్తూ బెంగళూరు మీదుగా పోతాయి. వీటి ప్రజాతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఏంటో తెలుసా, తిరుమల! 1880లో ఫ్రెడరిక్ మూర్ పెట్టాడు. మన ఊళ్ళలో పచ్చిరొట్టకి వేసే జనుము, దాని జాతిలోనే కాయ ఊపితే గలగలమనే గిలిగిచ్చ, ఇవి ఎండిపోయిన చోట మగవి వందల్లో వేలాడతాయి. ఆ మొక్కల్లో ఉండే చేదు రసాయనం పీల్చుకుని, దాంతో ఆడవాటిని పిలిచే వాసన తయారు చేసుకుంటాయి. ఒకసారి ఒక తోట కంచె దగ్గర ఎండిన గిలిగిచ్చ కొమ్మని ఆకులతో ఉన్న కొమ్మ అనుకుని పక్కకి తోశాను. ఆకులన్నీ ఒక్కసారిగా లేచి నా మొహం చుట్టూ తిరిగాయి. రెండు నిమిషాలకి మళ్ళీ అదే కొమ్మకి చేరాయి. మీరు మాత్రం ముట్టుకోకండి, రెండు అడుగుల దూరంలో నిలబడితే చాలు.

ఇక కొనే సంగతి. సీతాకోకచిలుకలు పూల కోసం వస్తాయి నిజమే, కానీ గుడ్లు పెట్టేది పిల్ల పురుగు తినే ఆకు మీదే, అదీ ఒక్కో జాతికి కొన్ని మొక్కలే. కరివేపాకు, నిమ్మ పెట్టండి, నల్లటి పెద్దవి వస్తాయి. జిల్లేడుకి నారింజ రంగువి వస్తాయి, అయితే దాని పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి, పిల్లలున్న ఇంట్లో అందనంత ఎత్తులో పెట్టండి. రేల మొక్కకి పసుపువి. ఈశ్వరి తీగ దొరికితే వదలకండి, కర్ణాటక రాష్ట్ర సీతాకోకచిలుక, రెక్కలు చాపితే దాదాపు జానెడుండే నలుపు పసుపు అందగత్తె, ఆ తీగ మీదే గుడ్లు పెడుతుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీకి అది వస్తుందని చెప్పలేను, ఎర్ర ఒంటి సీతాకోకచిలుకలు మాత్రం రావచ్చు. తేనెపిట్టలకి నూరువరహాలు చాలు.

మొక్క చేతిలోకి తీసుకుని ఆకు తిప్పి చూడండి. పురుగు కొరికిన ఆకులున్న మొక్కని పక్కన పెట్టి నున్నగా మెరిసేది తీసుకోవడం మనకి అలవాటు, ఇక్కడ మాత్రం ఉల్టా చేయాలి. కొరికిన ఆకు ఉందంటే దాని మీద ఏదో బతికింది, అంటే పురుగుమందు పడలేదని చాలావరకు ధైర్యం. నేను నాలుగేళ్ళ కింద ఒక రోడ్డు పక్క నర్సరీలో తళతళలాడే నిమ్మ మొక్క కొన్నాను. పది రోజుల్లో గుడ్లు కనిపించాయి, పక్షి రెట్టలాగా ఉండే బుల్లి పురుగులు బయటికొచ్చాయి, మూడో రోజుకి అన్నీ నల్లగా ముడుచుకుని కుండీలో రాలి ఉన్నాయి. చాలా బాధేసింది. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు మొక్క రసంలోకే ఎక్కుతాయి, ఆకు ఎంత కడిగినా పోవు.

అందుకే మొహమాటం లేకుండా అడగండి, "అన్నా, దీనికి మందు కొట్టారా, కొడితే ఎప్పుడు?" అని. కన్నడంలో అయితే "ఔషధి హొడెదిద్దీరా?" అంటే సరిపోతుంది, నర్సరీల్లో తెలుగువాళ్ళూ చాలామందే ఉంటారు. ఎక్కడి నుంచి తెచ్చారో కూడా అడగండి. బెంగళూరులో అమ్మే మొక్కల్లో చాలా వాటికి పుట్టిల్లు మన తూర్పు గోదావరి కడియం నర్సరీలే, లారీలో వచ్చి రెండు రోజులైన మొక్కకీ, ఇక్కడే విత్తనం వేసి పెంచినదానికీ తేడా ఉంటుంది. వేళ్ళ చుట్టూ బంకమట్టి ముద్ద గట్టిగా ఉంటే కుండీ మార్చేటప్పుడు నీళ్ళలో నానబెట్టి మెల్లగా విడదీయండి.

కరివేపాకు ఒక్కటి కాదు, మూడు కొనండి. నాలుగు పురుగులు చేరితే చిన్న మొక్క వారంలో బోడి అయిపోతుంది, భయపడకండి, మళ్ళీ చిగురిస్తుంది. తోటలో కనిపించిన పురుగుల్ని మాత్రం డబ్బాలో వేసుకుని ఇంటికి తేకండి.

ఇంటికొచ్చాక వారం రోజులు సగం నీడలో ఉంచి, తర్వాత ఎండలోకి జరపండి. చీమల బారు కుండీ ఎక్కకుండా కింద నీళ్ళ పళ్ళెం పెట్టండి, దోమలు రాకుండా రెండు రోజులకోసారి ఆ నీళ్ళు మార్చండి. ఆ తర్వాత రోజూ పొద్దున లేత చిగుళ్ళు చూస్తూ ఉండండి. ఆవగింజంత లేత పసుపు గుడ్డు ఒంటరిగా అతుక్కుని కనిపిస్తే, ఆ రెమ్మ పోపులోకి తుంచొద్దని ఇంట్లో ముందే చెప్పి పెట్టండి.