బాగా పనిచేసేవారి మీదే పనంతా పడుతుంటే: సమస్య - పరిష్కారం

ఏ కార్యాలయంలోనైనా చెప్పిన పనిని చెప్పిన వేళకు, తప్పుల్లేకుండా చేసి ఇచ్చే ఉద్యోగులు ఒకరిద్దరు ఉంటారు. రోజులు గడిచేకొద్దీ కొత్త పనులు, ఇతరులు సగంలో వదిలేసిన పనులు, ఎవరివో తేలని పనులు కూడా వారి బల్ల మీదికే చేరుతుంటాయి. దున్నే ఎద్దునే పొడిచినట్టు సాగే ఈ తీరును నేను దూరం నుంచి చూసినవాడిని కాను. విజయవాడలో ఒక టోకు వ్యాపార సంస్థలో అకౌంట్స్ విభాగం బాధ్యత చూసిన ఏళ్లలో నేనే అలా చేశాను. అందుకే ఇది ముఖ్యంగా పని పంచే స్థానంలో ఉన్నవారి కోసం రాస్తున్నాను.

ముందుగా తేల్చుకోవలసింది

సాయంత్రం ఆరున్నరకు విభాగంలోకి వెళ్లి చూడండి. అందరూ తలవంచుకుని పని చేస్తూ ఉంటే అది సిబ్బంది కొరత, దానికి మందు కొత్త నియామకమే. ఒక్క బల్ల దగ్గరే లైటు వెలుగుతూ, మిగతావారు సమయానికి ఇంటికి వెళ్లిపోతుంటే అది పంపకంలో లోపం. ఇక్కడ చెప్పేది ఈ రెండో దాని గురించి.

లక్షణం: ఆ ఒక్కరు లేకపోతే పని ఆగిపోతుంది

మా విభాగంలో నలుగురు ఉండేవారు. అయినా ప్రతి నెలా 7వ తేదీకి టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన పన్ను) చెల్లింపు, 11కు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్), 15కు ఉద్యోగుల పీఎఫ్, ఈఎస్ఐ, 20కి జీఎస్‌టీఆర్-3బీ (జీఎస్‌టీ కట్టే నెలవారీ రిటర్న్), ఇలా గడువులన్నీ ఒకే సీనియర్ అకౌంటెంట్ చేతుల మీదుగా నడిచేవి. తమ్ముడి పెళ్లికి ఆమె సెలవు పెట్టిన రోజు సరిగ్గా 20వ తేదీ అయింది. రిటర్న్ సిద్ధంగానే ఉంది గానీ, పోర్టల్‌లో సంతకం చేసే అధికారం ఆమె ఒక్కరి పేరు మీదే ఉండడంతో ఓటీపీ ఆమె ఫోన్‌కే వెళ్లింది. మూడోసారి చేస్తే ఫోన్ ఎత్తారు. వెనుక నాదస్వరం వినిపిస్తోంది. “ఒక్క నిమిషం సార్, చేతిలో తలంబ్రాల పళ్లెం ఉంది, ఎవరికైనా ఇచ్చి చెబుతాను” అని, కాసేపటికి ఆరు అంకెలు చదివి వినిపించారు. రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, కట్టవలసిన పన్ను మీద వడ్డీ తప్పాయని నేను సంతోషించాను. ఆ ఫోన్ చేయవలసి రావడమే నా తప్పని అప్పుడు తోచలేదు.

ఇతర లక్షణాలు చిన్నవిగా కనిపిస్తాయి: సెలవులు మిగిలిపోవడం, భోజనం బల్ల దగ్గరే కానివ్వడం, ఎన్నడూ లేని చిన్న తప్పులు దొర్లడం. అన్నిటికంటే నేను ఆలస్యంగా గుర్తించింది మౌనం. “ఇలా కాకుండా అలా చేస్తే బాగుంటుంది సార్” అని చెప్పే మనిషి, ఏది చెప్పినా “సరే సార్” అనడం మొదలుపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ, ఉద్యోగంలో తలెత్తే బర్న్‌అవుట్‌కు అలసట, పని మీద విముఖత, పనితనం తగ్గడం అనే మూడు గుర్తులను చెబుతుంది. ఆమెలో రెండోది కళ్లెదుటే కనిపిస్తుంటే, నేను దాన్ని వినయమనుకున్నాను.

కారణం: ఇబ్బంది పడవలసినవారు పడకపోవడం

“ఆమెకిస్తే అయిపోతుంది” అన్న మాటలోనే కారణమంతా ఉంది. అదే పని మరొకరికి ఇస్తే అరపూట కూర్చుని నేర్పాలి, తప్పు వస్తే ముఖం మీద చెప్పాలి, మళ్లీ చేయించాలి. ఇది కష్టమైన పనే, కానీ అది నా ఉద్యోగంలో భాగం. దాన్ని తప్పించుకున్న ప్రతిసారీ నా బరువును ఆమె నెత్తిన పెట్టాను.

రెండో కారణం లెక్క తెలియకపోవడం. ఎంత చేయగలరో చూస్తాం గానీ, చేతిలో ఎంత ఖాళీ ఉందో చూడం. 1909లో టెలిఫోన్ కాల్స్ మీద డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ చేసిన అధ్యయనం నుంచి పెరిగిన వరుసల సిద్ధాంతం (క్యూలో ఎంతసేపు వేచి ఉండాలో లెక్కగట్టే గణితం) ఈ విషయాన్ని స్పష్టంగా చూపుతుంది. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, ఒక్కో పనికి సగటున అరగంట పట్టే చోట, ఆ వ్యక్తి సమయంలో 80 శాతం నిండి ఉంటే కొత్తగా వచ్చిన పని సగటున రెండు గంటలు వేచి ఉంటుంది. 90 శాతం నిండితే నాలుగున్నర గంటలు, 95 శాతం నిండితే తొమ్మిదిన్నర గంటలు. చివర్లో చేర్చిన ఆ “చిన్న పని” ఎందుకు అన్ని పనులనూ వెనక్కి నెట్టిందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పరిష్కారం

రెండు వారాల పాటు ఆ ఉద్యోగి చేసిన ప్రతి పనినీ రాయించండి. మేము రాయించిన జాబితా మూడు పేజీలు వచ్చింది. నియామక పత్రంలో ఉన్న బాధ్యతలు మొదటి పేజీ దాటలేదు. మిగతా రెండింటిలో ప్రింటర్ టోనర్ తెప్పించడం, కొరియర్ల లెక్క, యజమాని ఇంటి కార్ల బీమా ప్రీమియం గడువులు గుర్తుచేయడం వరకూ ఉన్నాయి. అయితే ఆ జాబితా తయారైంది ఆమె రాజీనామా ఇచ్చాక, నోటీసు కాలంలో. కింద చెప్పినవన్నీ ఆమె స్థానంలోకి వచ్చినవారికి అమలు చేసినవే.

పనిని తీసేటప్పుడు పూర్తిగా తీయాలి. “వాళ్లు చేస్తారు, మీరు ఒకసారి చూడండి” అంటే బరువు తగ్గినట్టు కాదు, దిద్దే పని అదనంగా వచ్చినట్టు. పీఎఫ్, ఈఎస్ఐ పనిని జూనియర్‌కు అప్పగించాక మొదటి మూడు నెలలు దిద్దడానికి నేనే కూర్చున్నాను. నేర్పే బాధ్యత ఆ సమర్థుడైన ఉద్యోగికే ఇవ్వక తప్పకపోతే, నేర్పినన్నాళ్లు ఆయన పనిలో కొంత ఆపాలి.

జీఎస్‌టీ పోర్టల్‌లో ఒకరి కంటే ఎక్కువమందిని సంతకందారులుగా చేర్చవచ్చు. రెండో వ్యక్తిని చేర్చాం, ఇక ఓటీపీ ఒకే ఫోన్ మీద ఆధారపడదు. తర్వాత ఆ ఉద్యోగికి ఒకే విడతలో సెలవు ఇప్పించాం. బ్యాంకుల్లో కీలక స్థానాల్లో ఉన్నవారు ఏటా ఒకే విడతలో కనీసం 10 పనిదినాల తప్పనిసరి సెలవు తీసుకోవాలని రిజర్వు బ్యాంకు 2021లో చెప్పింది. అది మోసాలను పట్టుకోవడానికి పెట్టిన నియమమే అయినా, ఏ పని ఎవరి దగ్గర చిక్కుకుని ఉందో కూడా ఆ పది రోజుల్లో బయటపడుతుంది.

తీయడానికి వీల్లేని అదనపు పనికి జీతం, అధికారం ఇవ్వాలి. ప్రభుత్వ ఉద్యోగుల అదనపు బాధ్యతలకు ఇచ్చే వేతనం గురించి ఫండమెంటల్ రూల్స్ అనే సర్వీసు నియమావళిలో 49వ నిబంధన ఉంది. ప్రైవేటు సంస్థల్లో అలాంటిదేమీ లేనిచోట, ఎంతకాలం, ఎంత భత్యం అన్నది లేఖలో రాసి ఇవ్వండి. వార్షికోత్సవంలో శాలువా కప్పడం దానికి బదులు కాదు.

ఇక ఉద్యోగి వైపు నుంచి ఒక్క మాట. కొత్త పని వచ్చినప్పుడు చేయనని చెప్పడం చాలామందికి సాధ్యం కాదు. “చేస్తాను సార్, ఇప్పుడు చేతిలో ఉన్న ఈ రెండింటిలో దేన్ని ఆపమంటారు?” అని అడగవచ్చు. అలా అడిగినప్పుడు అధికారి “రెండూ కానివ్వండి” అని తేల్చేయకుండా, ఆపవలసిన పని పేరు ఆ రోజే చెప్పాలి, ఆ పని కోసం ఎదురుచూస్తున్నవారికి కూడా ఆలస్యమవుతుందని తానే తెలియజేయాలి.