ప్రెస్టీజ్ బటన్ నొక్కే ముందు

కాల్ ఆఫ్ డ్యూటీ వంటి తుపాకుల వీడియో గేముల్లో చివరి స్థాయి చేరాక, సంపాదించినవి వదులుకుని మళ్లీ మొదటి స్థాయి నుంచి ఆడటమే ప్రెస్టీజ్.

– నల్గొండ క్లాక్ టవర్ వైపు గంట లెక్కన అద్దె కన్సోల్ మీద ఆడేవారు ముందు ఖాతా ఎవరిదో చూసుకోండి. దుకాణం వారిదైతే ఆ బటన్ జోలికే వెళ్లవద్దు.

– పోయేవేమిటో చదవండి. 2007 నాటి కాల్ ఆఫ్ డ్యూటీ 4లో 55వ స్థాయి ముగించి ప్రెస్టీజ్ తీసుకుంటే తుపాకులు, పెర్కులు (ఆటగాడికి దక్కే అదనపు సామర్థ్యాలు), పూర్తిచేసిన ఛాలెంజ్‌లు అన్నీ మళ్లీ మొదటికే. సొంత క్లాసులు (మనమే ఎంచుకుని పెట్టుకునే ఆయుధాలు, పెర్కుల కూర్పులు) కూడా 4వ స్థాయి దాకా తెరుచుకోవు. దక్కేది పేరు పక్కన కొత్త చిహ్నం. కొందరికి అదే గొప్ప; నాకైతే గిట్టుబాటు కాదు.

– అదే సిరీస్‌లోని బ్లాక్ ఆప్స్ 2లో ప్రెస్టీజ్ తీసుకుంటే, తెరుచుకున్నవాటిలో ఒకదాన్ని శాశ్వతంగా ఉంచుకునే టోకెన్ ఇస్తారు. ఆలస్యంగా తెరుచుకునే ఆయుధానికే దాన్ని వాడండి.

– రాత్రికి మిత్రులతో పోటీ ఉందా? రేపు నొక్కండి.