అమెరికా పొగాకు పరిహారం: కౌలు రైతుకు విడిగా ఒక ఫారం

మన ఒంగోలు, కందుకూరు వైపు బ్యారన్లలో వేడితో ఆరబెట్టి క్యూరింగ్ చేసే వర్జీనియా రకం పొగాకునే అమెరికాలో నార్త్ కరోలినా రైతులు తరతరాలుగా పండిస్తున్నారు. ఏ పొలం నుంచి ఎంత ఆకు అమ్ముకోవచ్చో చెప్పే కోటా, దానికి తోడు మద్దతు ధర అక్కడ చాలా దశాబ్దాలు నడిచాయి. 2004 అక్టోబరు 22న సంతకమైన చట్టం ఆ రెంటినీ ఎత్తివేసి, బదులుగా పదేళ్ల పరిహారం ప్రకటించింది. సొమ్ము పన్నుల ఖజానా నుంచి రాలేదు, పొగాకు ఉత్పత్తుల తయారీదారులు, దిగుమతిదారుల దగ్గర వసూలు చేశారు. 2014తో చెల్లింపులు ముగిశాయి. అయినా ఆ దరఖాస్తు విధానాన్ని మన కౌలు రైతులకు తెలియజేయాలని నాకు చాలాకాలంగా ఉంది.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. నార్త్ కరోలినాలోని గ్రీన్ కౌంటీ లాంటి పల్లె కౌంటీలో రైతు రాజధాని దాకా వెళ్లనక్కర్లేదు. కోటా రికార్డులు కౌంటీకి సేవలందించే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ (అమెరికా వ్యవసాయ శాఖ విభాగం) కార్యాలయంలోనే ఉండేవి. 2005 మార్చి 14 నుంచి జూన్ 17 వరకు అక్కడికి వెళ్లి ఒప్పంద పత్రం మీద సంతకం చేయాలి. దరఖాస్తు అంటే అదే.

పత్రాలు రెండు. కోటా ఉన్న భూమి యజమానికి సీసీసీ-955. చట్టం వచ్చిన రోజున భూమి ఎవరి పేర ఉందో వారే అర్హులు. 2002 నాటి కోటాను బట్టి పౌను (సుమారు 450 గ్రాములు) ఆకుకు 7 డాలర్లు. పంట పండించినవారికి సీసీసీ-956. వీరికి పౌనుకు 3 డాలర్ల వరకు. 2002, 2003, 2004 పంటల్లో ఒక్కో ఏడాది సాగుకు ఒక్కో డాలరు అన్నమాట. సొంత భూమిలో తానే సాగు చేసిన రైతు రెండు పత్రాలూ ఇవ్వవచ్చు.

ఒక లెక్క చూద్దాం. 3,000 పౌన్ల కోటా ఉన్న పొలాన్ని ఒక కౌలు రైతు మూడేళ్లూ తానొక్కడే నష్టభయం మోసి పండించాడనుకోండి. యజమానికి మొత్తం 21,000 డాలర్లు, అంటే ఏటా 2,100. కౌలు రైతుకు 9,000, ఏటా 900. రెండేళ్లే చేసి ఉంటే 6,000.

ఈ రెండో పత్రంలో అడిగేది పట్టా కాదు, పంట పోతే నష్టం ఎవరి మీద పడేదన్న ప్రశ్న. యజమాని, కౌలుదారు, పాలికాపు ఎవరైనా సరే, నష్టంలో పాలు ఉంటే పరిహారంలోనూ పాలు ఉంటుంది. నగదు కౌలు తీసుకుని పక్కకు జరిగిన యజమానికి సాగుదారు వాటా రాదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారు పేరు మీదే నడిచింది, కౌలుకు దున్నినవారికి అందులో చోటు లేదు. నష్టభయాన్ని కొలమానంగా పెట్టుకుని పత్రం తయారు చేయడం అసాధ్యమేమీ కాదని ఆ సీసీసీ-956 చూస్తే అర్థమవుతుంది.

పరిహారం తీసుకున్నంత మాత్రాన పొగాకు మానేయాలన్న షరతు లేదు. కోటా, మద్దతు ధర లేకుండా ఇష్టమైనంత వేసుకోవచ్చు. మధ్యలో రైతు మరణిస్తే మిగిలిన వాయిదాలు భార్యకు లేదా భర్తకు, వారు లేకపోతే వారసత్వ ఆస్తిలోకి వెళ్లేవి. పదేళ్లు ఆగలేనివారు మిగిలిన వాయిదాలను బ్యాంకుకు రాసిచ్చి, కొంత తగ్గించుకుని ఒకేసారి తీసుకునే వీలుండేది. అందుకు కౌంటీ కార్యాలయంలో మరో ఒప్పందం కావాలి, అది కుదిరాక ఆ సొమ్ము మీద రైతుకు హక్కు ఉండదు.